కంపెనీ స్టీరియో తియ్యకుండానే డిజిటల్ పాటలు: చేంజర్ పెట్టె చాలాకాలం వాడాక

కంపెనీ స్టీరియో ఇంకా బాగా మోగుతుంటే దాన్ని పీకేసి ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించుకోవాల్సిన పనిలేదు. స్టీరియో వెనక సీడీ చేంజర్ (ఒకేసారి కొన్ని సీడీలు పట్టే పెట్టె) తగిలించే సాకెట్ ఉంటే, ఆ చేంజర్‌లా నటిస్తూ మెమరీ కార్డులోని ఎంపీ3 పాటలు వినిపించే చేంజర్ ఎమ్యులేటర్ అనే చిన్న పెట్టెతో పని జరిగిపోతుంది. పాత టొయోటా కొరోలాలో, అంటే 2003లో మన దేశానికి వచ్చిన తరంలో, దీన్ని ఏళ్ల తరబడి హైదరాబాద్ ట్రాఫిక్‌లో వాడాక రాస్తున్న సమీక్ష ఇది.

ముందు ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ సంగతి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే ఫోన్ పాటను కారు రేడియోకు ప్రసారం చేసేది, అన్నిటికన్నా చవక, అందరూ మొదట కొనేదీ అదే. మన ఊళ్లో 91.1, 92.7, 93.5, 98.3, 101.9, 102.8 ఇలా స్టేషన్లు పరుచుకుని ఉన్నాయి. ఖాళీ కోసం బ్యాండ్ అడుగున 87.5, 88 దగ్గరికి పోవాలి. పక్క కార్లవాళ్లూ అక్కడికే పోతారు కాబట్టి పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగితే వాళ్ల పాట మన స్పీకర్లలో దూరుతుంది. పైగా ఎఫ్ఎం ప్రసారంలో ధ్వని 15 కిలోహెర్ట్జ్ దగ్గరే తెగిపోతుంది, వెనక సన్నని బుస ఎప్పుడూ ఉంటుంది. నెల రోజుల అద్దె కారుకైతే సరే, సొంత కారుకు వద్దు. క్యాసెట్ ప్లేయర్ ఉన్నవాళ్లకు క్యాసెట్ అడాప్టర్ (ఫోన్ వైరు ఉన్న ఉత్తుత్తి క్యాసెట్) ఇంతకన్నా నయం.

చేంజర్ పెట్టె గాలిలో ప్రసారమేమీ చేయదు, ఆడియోను నేరుగా వైరు మీద ఇస్తుంది. చాలామంది అడిగేది: సాకెట్‌లో ఆడియో పిన్నులు ఉన్నాయిగా, రెండు వైర్లు లాగి ఫోన్‌కు కలిపేస్తే పోదా? పోదు. టొయోటా స్టీరియో ఏవీసీ-ల్యాన్ అనే లైన్ మీద చేంజర్‌తో మాట్లాడుతుంది. అవతల నుంచి జవాబు వస్తేనే ఆ సోర్స్‌కు మారుతుంది, లేకపోతే బటన్ ఎన్నిసార్లు నొక్కినా రేడియోలోనే ఉంటుంది. ఈ పెట్టె చేసే అసలు పని ఆ జవాబు ఇవ్వడమే. అందుకే స్టీరియో మీది ముందుకు, వెనక్కు బటన్లన్నీ పనిచేస్తాయి. స్టీరింగ్ మీద బటన్లు ఉన్న మోడల్ అయితే అవీ పనిచేస్తాయి.

కొనేముందు స్టీరియో బయటికి తీసి సాకెట్ కళ్లారా చూడండి. పాత టొయోటా స్టీరియోలకు 5+7 పిన్నుల పెద్ద సాకెట్, తర్వాతి వాటికి 6+6 పిన్నుల చిన్న సాకెట్. మోడల్ సంవత్సరాన్ని నమ్ముకుంటే తప్పుడు కేబుల్ వచ్చే ప్రమాదం ఉంది. అసలైన చేంజర్ అప్పటికే తగిలించి ఉంటే దాన్ని తీసేయాలి.

బిగించడం గంట పని. బ్యాటరీ నెగెటివ్ తీయండి. అంతకన్నా ముందు స్టీరియోకు సెక్యూరిటీ కోడ్ ఉందేమో చూసుకోండి. కొన్ని కార్లలో బ్యాటరీ తీస్తే కోడ్ అడుగుతుంది, కార్డు దొరక్కపోతే స్టీరియో మూగబోతుంది. డ్యాష్‌బోర్డు ముందు ప్యానెల్ క్లిప్పుల మీద నిలబడుతుంది. స్క్రూడ్రైవర్‌తో కాకుండా ప్లాస్టిక్ పట్టీతో లేపాలి, లేకపోతే అంచు మీద గీత మిగిలిపోతుంది. లోపల 10 ఎంఎం బోల్టులు విప్పితే స్టీరియో ముందుకు వస్తుంది. ఖాళీ సాకెట్‌లో కేబుల్ గుచ్చి, దాని క్లిప్పు ‘టిక్’మనేదాకా నొక్కి, రెండో కొసను గ్లవ్‌బాక్స్ వెనక్కి దింపడమే. వైరు ఎక్కడా కోయనక్కర్లేదు. కార్ డెకార్ షాపులో ఎవరైనా కట్టర్ తీస్తే వెంటనే ఆపండి.

ఇక పెట్టెలో పెట్టే మెమరీ కార్డు. ఎక్కువ ఫిర్యాదులు ఇక్కడే పుడతాయి. కార్డు ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ అయి ఉండాలి. పెట్టె తనను తాను ఆరు సీడీల చేంజర్‌గా చెప్పుకుంటుంది కాబట్టి ఫోల్డర్లు సీడీ01 నుంచి సీడీ06 దాకా, ఒక్కోదాంట్లో గరిష్ఠంగా 99 పాటలు. ఫోల్డర్ పేర్లు మాత్రం పెట్టెతో వచ్చిన కాగితంలో ఉన్నట్టు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టాలి. మొత్తం 594 పాటలు. 320 కేబీపీఎస్ నాణ్యతలో అయిదు నిమిషాల ఎంపీ3 పాట 12 ఎంబీ, అంటే అన్నీ నింపినా సుమారు 7.1 జీబీ. 8 జీబీ కార్డు సరిపోతుంది, 64 జీబీ కొనడం దండగ.

పాటలు వరసగా రావడం లేదంటే తప్పు పెట్టెది కాదు. అది పేరు చూడదు, కార్డులోకి ఏది ముందు ఎక్కితే దాన్ని ముందు పాడుతుంది. ఒక్కో ఫోల్డర్‌ను వరసగా కాపీ చేయండి, లేదా ఫ్యాట్‌సార్ట్ లాంటి ప్రోగ్రామ్ నడపండి. మ్యాక్ కంప్యూటర్ నుంచి కాపీ చేస్తే చుక్కతో మొదలయ్యే దాగుడు ఫైళ్లు కూడా కార్డులోకి వస్తాయి. పెట్టె వాటినీ పాటలనుకుంటుంది. పాటకీ పాటకీ మధ్య మౌనం వస్తోందంటే ఇదే కారణం, ఆ ఫైళ్లు తుడిచేయాలి.

ఘంటసాల పాట తర్వాత ఈకాలం పాట వస్తే చెవులు అదిరిపోతాయి, రికార్డింగ్ స్థాయిలు అంత తేడా. ఎంపీ3గెయిన్ ప్రోగ్రామ్‌తో అన్నిటినీ 89 డెసిబెల్స్‌కు సరిచేయండి. అది పాటను మళ్లీ కంప్రెస్ చేయదు, ఫైల్లోని గెయిన్ (శబ్ద స్థాయి) విలువను 1.5 డెసిబెల్స్ మెట్లలో మారుస్తుంది. అందుకే ట్యాగులు (ఫైల్లో రాసిపెట్టిన పాట వివరాలు) చదవని ఇలాంటి పెట్టెల్లో కూడా పనిచేస్తుంది. డ్రైవింగ్‌లో వాల్యూమ్ నాబ్ జోలికి పోనక్కర్లేకుండా చేసిన మార్పు ఇదొక్కటే, ఎంత చెప్పినా తక్కువే.

ఫోన్ నుంచి పాటలు కావాలంటే పెట్టెకున్న ఆక్స్ (బయటి ఆడియో వైరు గుచ్చే) సాకెట్‌కు బ్లూటూత్ మాడ్యూల్ కలపొచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో వీహెచ్ఎం-314 లాంటి చిన్న బోర్డులు దొరుకుతాయి, కొన్ని వందల్లో పని. కానీ దాన్ని కారు యూఎస్‌బీ చార్జర్ నుంచి నడిపితే స్పీకర్లలో దోమ రొద లాంటి శబ్దం వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరుగుతుంది. స్పీకర్ల లోపమేమీ కాదది. మాడ్యూల్ కరెంటు, ఆడియో రెండూ వేర్వేరు దారుల్లో ఒకే గ్రౌండ్‌కు (కారు నెగెటివ్‌కు) చేరడం వల్ల ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ రొద ఆడియోలో కలుస్తుంది. పరీక్ష తేలిక: ఫోన్‌ను చార్జర్ లేకుండా ఆక్స్ వైరుతో కలపండి, రొద ఉండదు. చార్జర్ గుచ్చండి, వచ్చేస్తుంది.

దీనికి ఆడియో వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అమ్ముతారు. లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. చవకవాటిలో వాటి కోర్ (లోపలి ఇనుప భాగం) చిన్నది కాబట్టి బేస్ పల్చబడుతుంది, డోలు దెబ్బలో బరువు పోతుంది. నా ఓటు బీ0505ఎస్ అనే ఐసొలేటెడ్ కన్వర్టర్‌కు. 5 వోల్టులు తీసుకుని, గ్రౌండ్ విడదీసి, మళ్లీ 5 వోల్టులే ఇస్తుంది. 1 వాట్ రకం 200 మిల్లీఆంప్స్ ఇస్తుంది, బ్లూటూత్ మాడ్యూల్‌కు చాలు. ఆడియో దారిని తాకదు కాబట్టి ధ్వనిలో నష్టం ఉండదు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ నెగెటివ్‌లను పొరపాటున కూడా కలపకూడదు, కలిపితే పెట్టిన పనే వృథా. అయితే ఈ బోర్డుతో పాటలు వినడమే, కాల్స్ మాట్లాడటం కుదరదు. మ్యాప్స్ సూచనలూ చేంజర్ మోడ్‌లో ఉన్నప్పుడే వినిపిస్తాయి.

లోపల బ్యాటరీ ఉండే బ్లూటూత్ రిసీవర్లు మాత్రం వద్దు. మే నెలలో ఎండలో పార్క్ చేసిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. బండి స్టార్ట్ చేయగానే జరిగేది సరిగ్గా అదే. కొంతకాలానికి ఉబ్బుతుంది. పెట్టెను కూడా రెండువైపులా అంటుకునే టేపుతో అతికించవద్దు, వేడికి జిగురు జారి పెట్టె కిందపడి కటకటలాడుతుంది. గ్లవ్‌బాక్స్ వెనక బ్రాకెట్‌కు జిప్ టై వేస్తే కదలదు.

ఇన్నాళ్లలో తీరని లోటు ఒకటుంది: డిస్‌ప్లే మీద పాట పేరు రాదు, డిస్క్ నంబరు, ట్రాక్ నంబరే వస్తాయి. అందుకే సీడీ01 పాత పాటలకు, సీడీ02 భక్తిగీతాలకు, ఇలా అర్థమయ్యేలా సర్దుకోవాలి. తాళం తిప్పాక కార్డు చదవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఈలోగా మౌనం. కాల్స్, తెర మీద మ్యాప్, రివర్స్ కెమెరా కావాలనుకుంటే ఈ పెట్టె మీకు కాదు, స్క్రీనే పెట్టించుకోండి. పాటలే ముఖ్యమైతే మాత్రం కార్డు నకలు ఒకటి ఇంట్లో కంప్యూటర్‌లో ఉంచుకోండి. వేడికి పెట్టెకన్నా ముందు పోయేది కార్డే.