యాలా, విల్పత్తు: చిరుతపులి కోసం ఎటు వెళ్లాలి?

శ్రీలంకలో ప్యాకేజీ టూర్ లేకుండా సొంతంగా తిరిగేవాళ్లు చిరుతపులిని చూడాలనుకుంటే ముఖ్యంగా రెండు పార్కులున్నాయి. ఆగ్నేయాన యాలా, వాయవ్యాన విల్పత్తు. రెండూ 1938లోనే జాతీయ పార్కులయ్యాయి.

చేతిలో ఒక్క పూటే ఉంటే యాలాకే వెళ్లండి. పార్కును విడగొట్టిన భాగాల్లో ఒకటైన బ్లాక్ 1లో చిరుతలు బాగా ఎక్కువ. పార్కు దగ్గర్లోని తిస్సమహారామ ఊరి దాకా బస్సులో వెళ్లి, బస చేసిన చోట ఇంకొందరితో కలిసి జీపు మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది. కానీ ఒక్క చిరుత కనిపించిందంటే చాలు, జీపులన్నీ అక్కడికే పరుగు తీస్తాయి. ఆ హోరు మధ్య కొమ్మ మీద బిక్కుబిక్కుమంటూ ఉన్న ప్రాణిని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. పైగా ఎండలు ముదిరే సెప్టెంబరులో పార్కును మూసేయడం మామూలే.

అందుకే, టైమ్ ఉన్నవాళ్లకు నేను విల్పత్తే చెబుతాను. దేశంలోకెల్లా పెద్ద పార్కు, 1,300 చదరపు కిలోమీటర్ల పైమాటే. అంతర్యుద్ధ కాలంలో ఏళ్ల తరబడి మూతపడి, మళ్లీ తెరుచుకుంది. అడవి మధ్య వాననీటితో నిండే సహజ సరస్సులను అక్కడ 'విల్లు' అంటారు. వాటి ఒడ్డున జీపు ఇంజిన్ ఆపి కూర్చుంటే పక్షులు, జింకలు, అదృష్టముంటే ఎలుగుబంటి. అడవి దట్టం కాబట్టి చిరుత కనపడకపోనూవచ్చు. విల్పత్తుకు దగ్గర్లోని అనురాధపురంలో బస చేసి, తెల్లవారకముందే బయల్దేరండి. ఇక్కడ సగం రోజు సఫారీ చాలదు, రోజంతా కేటాయించాల్సిందే.