సాంబారు పార్శిల్‌కి కవరా, డబ్బానా, ఇంటి గిన్నెనా... ఏది మేలు?

కర్రీ పాయింట్‌లో మనం చూసేది రుచి, రేటు అంతే. దేంట్లో కట్టాడనేది ఇంటికొచ్చి ముడి విప్పలేక కత్తెర వెతికేటప్పుడు గుర్తొస్తుంది.

నిజం చెప్పాలంటే కారకుండా ఇంటికి చేర్చడంలో కవర్‌ని కొట్టేది లేదు, గట్టిగా ముడేస్తే బండి గుంతల్లో పడ్డా చుక్క కారదు, షాపాయనకి ఖర్చూ దాదాపు ఉండదు. కానీ సలసల కాగే సాంబారు పోస్తే ఆ పల్చటి కవర్ మెత్తబడిపోద్ది, అది తిండికి వాడదగ్గ ఫుడ్ గ్రేడో కాదో ఆయనకే తెలీదు. 2022 డిసెంబర్ 31 నుంచి క్యారీ బ్యాగు మందం కనీసం 120 మైక్రాన్లు ఉండాలని రూల్, ఇవి దాని దరిదాపుల్లో కూడా ఉండవు. పైగా నూనె అంటిన కవర్‌ని పాత సామాన్లాయన తీసుకోడు, ఆవులు మాత్రం తీసుకుంటాయి.

నల్ల ప్లాస్టిక్ డబ్బా వేడికి తట్టుకుంటుంది, మూత బిగుతుగా పడుతుంది, కడిగి పోపుల సామాను పోసుకోవచ్చు. ఎన్నని పోస్తాం చెప్పండి, ప్రతి ఇంట్లో అటక మీద అవే. కవర్‌తో పోలిస్తే ప్లాస్టిక్ ఎన్నో రెట్లు ఎక్కువ, అయినా 2022 జూలై 1న వచ్చిన సింగిల్ యూజ్ ప్లాస్టిక్ బ్యాన్‌లో ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు ఉన్నాయి గానీ ఈ మూత డబ్బాలు లేవు. ఫాయిల్ డబ్బా బిర్యానీకి ఓకే, చింతపండు పులుసుకి వద్దే వద్దు, పులుపుకి అల్యూమినియం కూరలోకి దిగుతుంది.

ఇక అందరూ మెచ్చుకునే చెరకు పిప్పి బాక్సు. ఇడ్లీకి, వేపుడుకి బాగుంటుంది, సాంబారు పోస్తే మాత్రం కాసేపటికి అడుగు మెత్తబడుతుంది, అలా కాకుండా కొన్నిటికి పీఎఫ్‌ఏఎస్ అనే కెమికల్స్ వాడతారు, అవి ఓ పట్టాన నశించవు. మట్టిలో కలిసిపోతుందనే మాట కూడా దాన్ని తడి చెత్తలో వేసి ఎవరైనా కంపోస్ట్ చేస్తేనే. డంపింగ్ యార్డు గుట్ట కింద గాలి తగలకపోతే అదీ కుళ్ళి మీథేన్ వదులుతుంది. మొక్కజొన్న లాంటి వాటితో చేసే పీఎల్‌ఏ ప్లాస్టిక్ బాక్సులకైతే 58 డిగ్రీల దాకా వేడి ఉండే కంపోస్ట్ ప్లాంటే కావాలి, మన కుండీలో వేస్తే అలాగే ఉంటాయి. తిరుమలలో 2021లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్ళ మొక్కజొన్న పిండి కవర్లు లడ్డూలకి తెచ్చారు, లడ్డూ పొడిగా ఉంటుంది కాబట్టి సరిపోయింది, మన గొడవంతా పులుసుతోనే కదా.

నా ఓటు స్టీల్ గిన్నెకే. ఆన్‌లైన్ ఆర్డర్‌కి ఇది కుదరదు, అక్కడ నల్ల డబ్బానే దిక్కు. షాపులో కూడా రష్ టైమ్‌లో విసుక్కుంటారు, వాళ్ళ కొలత కవర్ లెక్క, మన గిన్నెలో పోస్తే ఎక్కువ పోతుందని భయం. అందుకే "మీ గరిటెతోనే కొలవండి అన్నా" అని ముందే చెప్పడం మేలు, గిన్నె స్కూటీ డిక్కీలో పడుండాలి, లేకపోతే మర్చిపోతాం. దోసె, వడలాంటివి అరిటాకులో చుట్టించుకోండి, న్యూస్‌పేపర్‌లో వద్దు, ఇంకు అంటుతుంది, ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా వద్దంటుంది.

మిగిలింది చట్నీ. రెండు గరిటెల చట్నీకి ఇంకో గిన్నె ఎవడు మోస్తాడు? చట్నీ వద్దు, ఇంట్లో కారప్పొడి ఉందని నేను చెప్పేస్తున్నా, మా ఇంట్లో మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.