స్నోఫ్లేక్ మోరే ఈల్‌కు పటకారుతో మేత: ఏళ్ల వాడకం తర్వాత

ఉప్పునీటి ట్యాంకులోకి కొత్తగా వచ్చిన స్నోఫ్లేక్ మోరే ఈల్ (పాములా పొడవుగా ఉండే చేప) రాళ్ల సందున దూరి రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి మేత ముట్టకపోవడం మామూలే. ఆరోగ్యంగా ఉన్న ఈల్ ఆ మాత్రం పస్తును తట్టుకుంటుంది గానీ, పెంచేవారికి మాత్రం నిద్ర పట్టదు. నా ఈల్‌ను మేతకు అలవాటు చేసింది మొన మొద్దుగా ఉన్న పొడవాటి స్టీలు పటకారు. ఏళ్లుగా దానినే వాడుతున్నాను.

మోరేకు చూపు అంతంతమాత్రమే. వేటంతా వాసన మీదే సాగుతుంది. పైనుంచి వదిలిన రొయ్య ముక్క దాని దగ్గరకు చేరేలోపే పంపు ప్రవాహానికి కొట్టుకుపోతుంది, లేదా మిగతా చేపల పాలవుతుంది. అదే ముక్కను పటకారుతో పట్టుకుని, నీరు సందులోకి పారే వైపున కదలకుండా నిలిపితే వాసన నేరుగా లోపలికి వెళుతుంది. ముందుగా గొట్టాల్లాంటి ముక్కుపుటాలు పొడుచుకొచ్చిన మూతి బయటపడుతుంది. తల అటూ ఇటూ ఊగుతూ ముక్క పక్కనుంచే దాటిపోతుంది. అప్పుడు తొందరపడి ముక్కను మూతికి తగిలిస్తే వెనక్కి తగ్గుతుంది, ఓపిక పడితే తానే వచ్చి చటుక్కున కరుస్తుంది. కరిచిన మరుక్షణం పటకారు వదిలేయాలి. మోరేల గొంతులో ఉండే రెండో దవడల జత ముందుకు వచ్చి ఆహారాన్ని లోపలికి లాగుతుందని 2007లో పరిశోధకులు వెల్లడించారు. ఆ లాగుడుకు మనం ఎదురు గుంజకూడదు.

మొండికేసిన ఈల్‌కు మొదట బతికున్న చిన్న రొయ్యను, తర్వాత అప్పుడే చంపిన దానిని, చివరికి గడ్డకట్టించి కరిగించిన ముక్కను అందించడం మేలు. లైట్లు ఆర్పాక పెడితే ఫలితం ఇంకా బాగుంటుంది. ఎప్పుడూ ఒకే రకం రొయ్యలు పెట్టకుండా స్క్విడ్, పీత మాంసం మారుస్తూ ఉండాలి, ఎందుకంటే కొన్ని రకాల రొయ్యల్లో, చేపల్లో ఉండే థయామినేజ్ అనే ఎంజైము బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది.

అక్రిలిక్ పుల్ల కూడా వాడి చూశాను. దానికి గుచ్చిన ముక్క ఊడిరాదు, ఈల్ పుల్లనే కొరుకుతుంది, నాకు నచ్చలేదు. పటకారుకూ లోపాలు లేకపోలేదు. స్టీలు అని నమ్మి కొన్నా ఉప్పునీటికి మడత దగ్గర తుప్పు చుక్కలు తేలాయి, కాబట్టి వాడిన ప్రతిసారీ మంచినీటితో కడిగి ఆరబెట్టక తప్పదు. పొట్టిదైతే చెయ్యి నీటిలో పెట్టాల్సి వస్తుంది; మేత వాసన అంటిన వేలికీ రొయ్యకూ ఈల్ తేడా చూడదు. ఇక నీటిలో అమ్మోనియా ఉన్నా, ఈల్‌కు దాక్కునే చోటు చాలకపోయినా ఏ పటకారూ పనికిరాదు; వాటిని సరిచూసుకున్నాకే దీనిని కొనాలి.

అలవాటు పడ్డాక మరో చిక్కు ఉంది. పటకారు నీటిని తాకగానే ఈల్ సగం ఒళ్లు బయటపెట్టి పైకి వచ్చేస్తుంది. స్నోఫ్లేక్ మోరే నీటి బయట కూడా ఆహారం పట్టి మింగగలదని 2021లో ఒక అధ్యయనం చూపింది కనుక, అది పైకి రావడాన్ని తేలిగ్గా తీసుకోలేము. అందుకే మేత పెట్టేటప్పుడు ట్యాంకు మూతను పటకారు పట్టేంత మేరకే తెరుస్తాను, ముక్క అందుకోగానే బిగిస్తాను.