కార్బన్ స్టీల్‌కు ఎక్కువ ముప్పు ఏది: హైడ్రోజన్ సల్ఫైడా, గంధకమా?

కెనడాలోని అల్బర్టాలో సోర్ గ్యాస్ (హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువగా ఉన్న సహజవాయువు) పైపుల్లో కార్బన్ స్టీల్‌ను తినేవాటిలో రెండు ముఖ్యం: నీటిలో కరిగిన హైడ్రోజన్ సల్ఫైడ్, గోడకు అంటుకున్న గంధకం.

హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు, గట్టి ఉక్కును పగలగొట్టగలదు కూడా. అయినా తుప్పు వరకే చూస్తే, ఉక్కు మీద ఏర్పడే ఐరన్ సల్ఫైడ్ పొర బాగా పట్టుకున్నప్పుడు వేగం తగ్గుతుంది.

గంధకం దగ్గర ఆ భరోసా లేదు. పొడిగా ఉంటే, మామూలు వేడిలో, అది ఉక్కును దాదాపు ఏమీ చేయదు. తడి తగిలి, ఉక్కును నేరుగా తాకిందా, అంతే! ఐరన్ సల్ఫైడ్‌కు విద్యుత్ ప్రసరించే గుణం ఉంది. ఉక్కు వదిలిన ఎలక్ట్రాన్లు ఆ పొర గుండానే గంధకాన్ని చేరతాయి. కాపాడాల్సిన పొరే దారి ఇస్తుందన్నమాట. నీటిలో ఉప్పుంటే ఇంకా వేగం. వేడి సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే గంధకం నీటితో కలిసి ఆమ్లాన్నీ పుట్టిస్తుంది. పైగా గోడంతా సమానంగా అరగదు, గంధకం పేరుకున్న చోటే గుంట పడుతుంది. సగటు మందం చూసి ధైర్యపడకూడదు.

తుప్పు విషయంలో నా ఓటు గంధకమే ప్రమాదకరమని. లైన్‌లోకి ఆక్సిజన్ రానివ్వకండి, అది హైడ్రోజన్ సల్ఫైడ్‌నే గంధకంగా మారుస్తుంది. పేరుకున్నదాన్ని పిగ్గింగ్‌తో, అంటే పైపు లోపల శుభ్రంచేసే పరికరాన్ని నడిపి, తీయించండి.