‘కంప్లీట్ సిరీస్’ పేరుతో అమ్ముతున్న బ్రూక్లిన్ నైన్-నైన్ డీవీడీలతో జాగ్రత్త

అమెరికన్ పోలీసు కామెడీ సీరియల్ బ్రూక్లిన్ నైన్-నైన్ డీవీడీలను ఆన్‌లైన్‌లో కొనదలచినవారు డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా మనవి. ‘కంప్లీట్ సిరీస్, విమర్శకులు ముక్తకంఠంతో మెచ్చినది, గోల్డెన్ గ్లోబ్ విజేత’ అని ఒక అమ్మకందారు పెట్టిన ప్రకటన చూసి నేను హైదరాబాద్‌కు తెప్పించుకున్న సెట్‌లో ఉన్నది మొదటి సీజన్ ఒక్కటే. పైగా డీవీడీ ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే రీజియన్ కోడ్ ప్రకారం అవి అమెరికా, కెనడాలకు ఉద్దేశించిన రీజియన్ 1 డిస్కులు కావడంతో, రీజియన్ 5 కిందికి వచ్చే మన దేశపు ప్లేయర్ వాటిని తీసుకోలేదు. అట్ట వెనుక కింది మూలన చిన్న భూగోళం గుర్తులో 1 అంకె స్పష్టంగానే ఉంది. ప్రకటనలోని ఫొటోలో సరిగ్గా ఆ మూలనే ధర చీటీ అంటించి ఉంది. అది యాదృచ్ఛికమని నేను అనుకోవడం లేదు.

అంతకంటే ఎక్కువగా మోసపుచ్చేది ఆ ప్రశంసలను వాడుకున్న తీరు. ప్రకటనలో ఉటంకించిన మాటలన్నీ ఈ సీరియల్ ఫాక్స్ చానల్‌లో మొదలైన 2013 సెప్టెంబరు నాటివి. అమెరికాలో కొత్త సీరియల్ ప్రసారానికి ముందు విమర్శకులకు చానళ్లు సాధారణంగా పైలట్ అనే తొలి ఎపిసోడ్‌నో, మహా అయితే మరి కొన్నింటినో చూపిస్తాయి కాబట్టి, ఆ తొలి సమీక్షలు రాబోయే సీజన్లపై తీర్పులు కావు, అంచనాలు మాత్రమే. ఆ అంచనాలు కూడా ఏకగ్రీవమేమీ కాదు. అంతకుముందు హోమిసైడ్ అనే గంభీరమైన పోలీసు సీరియల్‌తో పేరు తెచ్చుకున్న ఆండ్రే బ్రౌగర్‌ను కెప్టెన్ హోల్ట్‌గా నిలబెట్టి, టై కట్టుకోమంటేనే మొరాయించే డిటెక్టివ్ పెరాల్టాగా ఆండీ శాంబర్గ్‌ను ఎదురు పెట్టడాన్ని చాలామంది మెచ్చుకున్నారు. పెరాల్టా కుర్రచేష్టలు కొన్ని వారాలకే విసుగు పుట్టించవచ్చని శంకించినవారూ ఉన్నారు. ప్రకటనలో ఈ రెండో మాట జాడే లేదు.

గోల్డెన్ గ్లోబ్ మాట నిజమే. 2014 జనవరిలో ఉత్తమ కామెడీ సిరీస్‌గా, శాంబర్గ్‌కు ఉత్తమ నటుడిగా రెండు పురస్కారాలు వచ్చాయి. అయితే అప్పటికి 22 ఎపిసోడ్ల మొదటి సీజన్ ప్రసారమే పూర్తి కాలేదు. ఆ తరువాత అయిదు సీజన్లయ్యాక 2018 మే నెలలో ఫాక్స్ దీన్ని రద్దు చేయడం, మర్నాడే ఎన్‌బీసీ అనే మరో చానల్ చేపట్టడం, 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుణ్ణి పోలీసు అధికారి హత్య చేసిన దరిమిలా పోలీసులను నవ్వులాటగా చూపడం సబబేనా అన్న ప్రశ్న తలెత్తి, రాసి ఉంచిన స్క్రిప్టులను పక్కన పెట్టి చివరి సీజన్‌ను మళ్లీ రాసుకోవడం, దానిపై విమర్శకుల్లో భిన్నాభిప్రాయాలు రావడం, ఇవన్నీ కలిస్తేనే ఈ సీరియల్ పొందిన ఆదరణ కథ. కెప్టెన్ హోల్ట్ ముఖంలో ఒక్క గీత కదలకుండా పలికే మాటలంటే నాకూ ఎంతో ఇష్టం. నా ఫిర్యాదు సీరియల్ మీద కాదు, తొలి వారాల మెప్పును ఎనిమిది సీజన్లకూ పులిమి, ఒక్క సీజన్‌ను అంటగట్టిన అమ్మకం మీద.

సీల్ విప్పిన డిస్కులు వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు జవాబిచ్చారు. అయితే 2020 నాటి ఇ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. ఆ నియమాన్ని ఉటంకిస్తూ, ప్రకటన స్క్రీన్‌షాట్లనూ పెట్టె విప్పేటప్పుడు తీసిన వీడియోనూ జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. ఇలాంటి అనుభవం ఎదురైనవారు 1915కు ఫోన్ చేయవచ్చు.

అదే ప్రకటన అదే ఫొటోతో ఇప్పటికీ కనిపిస్తోంది. కొని తీరాలనుకుంటే, సెట్‌లో ఎనిమిది సీజన్ల 153 ఎపిసోడ్లూ ఉన్నాయా, రీజియన్ కోడ్ ఎంత అన్న రెండు ప్రశ్నలు అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి. అట్ట వెనుక భాగం ఫొటోను, ఏ చీటీ అడ్డు లేకుండా, పంపమనండి.