చెన్నైకి తాబేళ్ళ కోసం వెళ్తే: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

వింటర్ అనే డాల్ఫిన్ గురించి చదివిన దగ్గర్నుంచి మా అమ్మాయి ఒకటే గొడవ. 2005 డిసెంబరులో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో పీతలు పట్టే బుట్ట తాడుకు చిక్కుకుని, తోక పోగొట్టుకున్న పిల్ల డాల్ఫిన్ అది. క్లియర్‌వాటర్ మెరైన్ అక్వేరియం వాళ్ళు దాన్ని తెచ్చి బతికించి, కృత్రిమ తోక చేయించారు. 2021 నవంబరులో చనిపోయేదాకా అది అక్కడే ఉంది. ఆ అక్వేరియం ఒకప్పుడు మురుగునీటి శుద్ధి ప్లాంటు అని కూడా మా అమ్మాయే చెప్పింది. "మనమూ అక్కడికి వెళ్దాం నాన్నా" అంటే, విమానం టిక్కెట్ల రేట్లు చూసి ఆయన మాట మార్చేశారు.

బెంగళూరులో సముద్రం లేదు. చెన్నైలో మా పిన్ని ఉంది, సముద్రమూ ఉంది. దెబ్బ తగిలిన సముద్రజీవుల్ని కాపాడే పని అక్కడ ఎవరు చేస్తున్నారు, పిల్లలతో, అత్తయ్యతో వెళ్తే వాటిలో ఏం చూడగలం అని వెతికి, మార్చి మొదట్లో ఒక వారాంతానికి బయల్దేరాం. పొద్దున వందేభారత్ ఎక్కితే నాలుగున్నర గంటల్లో సెంట్రల్‌లో దిగాం. ప్రయాణం గురించి అంతకన్నా చెప్పేదేం లేదు.

డాల్ఫిన్లు మాత్రం ఉండవని అమ్మాయికి ముందే చెప్పేశాం. డాల్ఫిన్లను బంధించి ఆటలాడించే కేంద్రాలకు మన దేశంలో 2013 నుంచి అనుమతి లేదు. 1990ల చివర్లో చెన్నై దగ్గర ఇదే తీరంలో విదేశాల నుంచి డాల్ఫిన్లను తెచ్చి పెడితే కొన్ని నెలలకే చనిపోయాయి. అది విన్నాక తను డాల్ఫిన్ పేరు ఎత్తలేదు. "అయితే తాబేళ్ళు" అంది.

మొదట బస సంగతి. ఈసీఆర్ మీద, అంటే చెన్నై నుంచి మహాబలిపురం వైపు వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, సముద్రానికి ఆనుకుని రిసార్టులు బోలెడున్నాయి. ఫొటోల్లో స్విమ్మింగ్ పూల్, కొబ్బరిచెట్లు చూసి మా వాడు అక్కడే ఉందామని పేచీ పెట్టాడు. తాబేళ్ళ కోసం వెళ్ళేవాళ్ళకు నేనైతే అవి వద్దంటాను. తాబేళ్ళ గూళ్ళు వెతుకుతూ వాలంటీర్లతో కలిసి ఒడ్డు వెంట నడిచే రాత్రి నడక ముగిసేది బీసెంట్ నగర్‌లో, సాయంత్రం పిల్ల తాబేళ్ళను వదిలేదీ అక్కడే. అడయారు, తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ ఈ మూడింట్లో ఎక్కడ దిగినా ఆటోలో నిమిషాల పని. మేం అడయారులో వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. అత్తయ్యకు పొద్దున్నే కాఫీ చేతిలో పడాలి, అందుకని.

గది శుభ్రంగా ఉంది, ఏసీ చల్లగా ఉంది. చిక్కొచ్చింది తెల్లవారుజామున. నాలుగున్నరకు తిరిగొస్తామని ముందురోజే చెప్పినా గేటుకు తాళం వేసుంది, వాచ్‌మన్ ఫోన్ తీయలేదు. ఇసుక కాళ్ళతో, నిద్రకళ్ళ పిల్లతో అరగంట రోడ్డు మీద నిలబడ్డాం. అందుకే, రాత్రంతా రిసెప్షన్‌లో మనిషి ఉంటాడా లేదా అన్నది ముందే అడిగి, ఆ మాట మెసేజ్‌లో రాయించుకోండి. పూల్ లేకపోయినా పర్లేదు, గేటు తీసే మనిషి కావాలి.

పెరంబూరులో ఉండే మా పిన్నికి ఇదంతా చెప్పకూడదనుకున్నాను గానీ అమ్మాయి చెప్పేసింది. "సొంత పిన్ని ఊళ్ళో ఉండగా డబ్బులు పోసి రోడ్డు మీద నిలబడతారా? మా ఇంటి గేటుకు తాళమే లేదు" అని మా ఆయన ముందే నన్ను కడిగేసింది. పెరంబూరు నుంచి బీసెంట్ నగర్ అంటే ఊరు ఆ చివర నుంచి ఈ చివరకు. ఆ సంగతి పిన్నికీ తెలుసు, అయినా అనాలి కాబట్టి అంది.

ఇంజంబాక్కంలోని వీజీపీ మెరైన్ కింగ్‌డమ్‌కు మధ్యాహ్నం వెళ్ళాం. 2019లో మొదలైన పెద్ద అక్వేరియం ఇది. ముందు మంచినీటి చేపలు, తర్వాత మడ అడవుల్లో బతికేవి, చివరికి సముద్రం. నెత్తి మీదుగా సొరచేపలు, టేకు చేపలు ఈదే అద్దాల సొరంగం దగ్గర మా వాడు కదలనన్నాడు. ఎండ లేదు, మెట్ల బాధ పెద్దగా లేదు, కూర్చోవడానికి చోట్లున్నాయి. అత్తయ్యకు మొత్తం ప్రయాణంలో ఇదే హాయి. టిక్కెట్టు మాత్రం నలుగురైదుగురున్న ఇంటికి బరువే, ఆన్‌లైన్లో ఆఫర్ చూసుకుని వెళ్ళండి. ఇది చూపించడానికి కట్టిన చోటు, కాపాడే చోటు కాదు. ఆ తేడా తెలిసి వెళ్తే నిరాశ ఉండదు. మా అమ్మాయి మాత్రం ప్రతి తొట్టె దగ్గరా "దీనికేమైంది?" అని అడిగింది. ఏమీ కాలేదు, బాగానే ఉంది అంటే ముందుకు నడిచేది.

మర్నాడు పొద్దున వడనెమ్మేలిలోని మద్రాస్ క్రొకొడైల్ బ్యాంక్. ఇదీ ఈసీఆర్ మీదే, మహాబలిపురం దారిలో. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి. చర్మం కోసం వేటాడీ వేటాడీ మన మొసళ్ళు కరువైపోతున్న రోజుల్లో, 1976లో, పాముల నిపుణుడు రోములస్ విటేకర్ బృందం వాటి సంఖ్య పెంచడానికి పెట్టిన సంస్థ ఇది. ఇప్పుడు అక్కడ మగ్గర్ జాతి మొసళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుని ఉంటాయి. కాసేపు చూస్తే బొమ్మలేమో అనిపిస్తుంది. అంతలో ఒకటి నోరు తెరుస్తుంది, చుట్టూ ఉన్న పిల్లలంతా ఒక్కసారి వెనక్కి దూకుతారు. సన్నటి పొడుగు మూతి ఘరియల్ మొసలిని ఇంత దగ్గరగా చూడటం నాకూ మొదటిసారే. నదీ తాబేళ్ళు కూడా ఉన్నాయి.

ఆవరణలోనే ఇరుల గిరిజనుల పాము పట్టే సహకార సంఘం ఉంది, 1978లో మొదలైంది. పట్టిన పాముల నుంచి విషం తీసి, విరుగుడు మందు తయారీకి పంపి, పాముల్ని మళ్ళీ అడవిలో వదిలేస్తారు. కాలు కిందపెట్టకుండా ఎత్తుకోమని ఏడ్చిన మా వాడు, ఆ విషం తీయడం చూశాక అక్కడి నుంచి రానని ఏడ్చాడు. వెళ్తే తెరిచే వేళకే వెళ్ళండి. పదకొండు దాటితే ఎండ మాడ్చేస్తుంది, మొసళ్ళు కూడా కదలవు. డబ్బుకు తగ్గ విలువ లెక్కన చూస్తే నా ఓటు దీనికే.

అసలు మేం వెళ్ళింది రాత్రి నడక కోసం. చెన్నై తీరంలో తాబేళ్ళ కోసం రాత్రిళ్ళు నడవడం 1970ల మొదట్లో విటేకర్, ఆయన స్నేహితులతో మొదలైంది. 1988 నుంచి స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ పేరుతో విద్యార్థులు, వాలంటీర్లు దాన్ని నడుపుతున్నారు. గుడ్లు పెట్టే కాలంలో, అంటే జనవరి నుంచి మార్చిదాకా, వారాంతపు రాత్రుల్లో బయటివాళ్ళను కూడా వెంట తీసుకెళ్తారు. టిక్కెట్టు లేదు. రాత్రి పదకొండు దాటాక నీలాంగరై దగ్గర కలవాలి. ముందు గంటసేపు కూర్చోబెట్టి పాఠం చెప్తారు. తర్వాత బీసెంట్ నగర్ దాకా ఇసుకలో ఏడు కిలోమీటర్ల వరకు నడక. టార్చి వేయకూడదు, ఫోన్ వెలిగించకూడదు. అత్తయ్యను, మా వాడిని పిన్ని దగ్గర దింపి, మేం ముగ్గురం వెళ్ళాం.

పాఠం చెప్పినవాళ్ళలో ఒకబ్బాయి నెల్లూరు వాడు, ఇక్కడ చదువుకుంటున్నాడు. మేం తెలుగువాళ్ళమని తెలిశాక దారంతా మా అమ్మాయి పక్కనే నడిచాడు. ఈ ఒడ్డున గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే జాతి తాబేలు బరువు నలభై కిలోల దాకా ఉంటుంది. ఆడది రాత్రిపూట ఒడ్డుకొచ్చి, వెనక కాళ్ళతో మూరెడు లోతు గొయ్యి తవ్వి, నూరు దాటి గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ అదిమి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోతుంది. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయట. "మొసళ్ళకు కూడా వేడిని బట్టే కదా, పొద్దున బోర్డు మీద చదివా" అంది మా అమ్మాయి. వేల రూపాయల టూర్ ప్యాకేజీలో ఈ మాట దొరకదని మా ఆయన నా చెవిలో అన్నారు.

ఆ గుడ్లను వాలంటీర్లు తవ్వి తీసి వేరే చోటికి మారుస్తారు. అక్కడే ఎందుకు ఉంచరు? పిల్లలు బయటికి రాగానే వెలుతురున్న వైపుకు పాకుతాయి. ఒకప్పుడు చీకటి ఒడ్డున వెలుతురంటే సముద్రమే. ఇప్పుడు ఈసీఆర్ పొడుగునా బంగళాల లైట్లు, వీధి దీపాలు. పిల్లలన్నీ రోడ్డు వైపుకు నడిచి చచ్చిపోతాయి. కుక్కల బెడద సరేసరి. అందుకని గుడ్లను ఆ రాత్రే తీసి, పిల్లలయ్యేదాకా కాపాడే హేచరీలో అదే లోతులో పాతిపెడతారు.

నడక మొదలైన కాసేపటికే మాకు కనిపించింది చచ్చిన తాబేలు. ఆ వాసన ముందే వచ్చింది. మళ్ళీ లెక్కలోకి రాకుండా దానికి గుర్తు పెట్టి, కొలిచి, రాసుకున్నారు. తాబేలు నీళ్ళలో బతికినా పీల్చేది గాలే. మరపడవలు నీళ్ళలో లాక్కెళ్ళే ట్రాల్ వలలో గంటల తరబడి చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది. 2025 జనవరిలో చెన్నై, చుట్టుపక్కల తీరానికి వెయ్యికి పైగా ఇలా కొట్టుకొచ్చాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే విచారణకు తీసుకుంది. ఒడ్డు నుంచి 5 నాటికల్ మైళ్ళ లోపు ట్రాలర్లు వేటాడకూడదని తమిళనాడులో నిబంధన ఉంది. తాబేలు బయటపడే దారి ఉండేలా వలకు అమర్చే పరికరమూ ఉంది, దాన్ని టెడ్ అంటారు. రెండూ అమలైతే సగం గొడవ ఉండదని నెల్లూరు అబ్బాయి అన్నాడు. మన కోస్తాలోనూ ఇదే కథ అని కూడా.

పిల్లకు ఇవన్నీ చూపించాలా అని నాకు టెన్షన్ పట్టుకుంది. తను ఏడవలేదు. కొలిచే టేపు ఒక చివర పట్టుకోమంటే పట్టుకుంది.

తెల్లవారుజాము కావస్తుండగా తిరువాన్మియూరు దాటాక, ఇసుక మీద ట్రాక్టర్ టైరు వెళ్ళినట్టు అచ్చులు. పైకి ఒకటి, కిందికి ఒకటి. తల్లి వచ్చి వెళ్ళిపోయింది. సన్నటి కర్రతో మెల్లగా గుచ్చి మెత్తటి చోటు పట్టుకుని, చేత్తో తవ్వి, గుడ్లను ఒక్కొక్కటే తీసి గుడ్డ సంచిలో పెట్టారు. తాబేలును చూడకుండానే మా నడక ముగిసింది. చాలామందికి అంతేనట. చూపిస్తామని వాళ్ళు మాటివ్వరు కాబట్టి కోపం రాకూడదు. పదేళ్ళ లోపు పిల్లల్ని మాత్రం తీసుకెళ్ళకండి. మధ్యలో వెనక్కి తిరగడానికి వీలుండదు, ఎత్తుకుని ఇసుకలో నడవడం ఎవరివల్లా కాదు. బీసెంట్ నగర్‌లో ఆ వేళకు ఆటోలు దొరుకుతాయి గానీ అడిగే రేటుకు నిద్రమత్తు వదిలిపోతుంది. యాప్‌లో ముందే బుక్ చేసుకోండి.

అదేరోజు సాయంత్రం అందరం కలిసి హేచరీకి వెళ్ళాం. ఇలియట్స్ బీచ్ పక్కనే, కంచె వేసిన ఇసుక జాగా. గూటి గూటికీ ఒక పుల్ల, దాని మీద తేదీ, గుడ్ల లెక్క. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకొస్తాయి. పొద్దు వాలాక వాటిని నీటికి కాస్త దూరంగా ఇసుకలో వదిలితే, వాటంతట అవే పాకుతూ వెళ్తాయి. నీళ్ళలో ఒకతను దీపం పట్టుకుని నిలబడి దారి చూపిస్తాడు. జనం విపరీతం, ముందుకు తోసుకొచ్చేవాళ్ళను వాలంటీర్లు గీత దాటనివ్వరు. మా వాడు తాడు పట్టుకుని "ఇటు కాదు, అటు!" అని ఒకదానికి దారి చెప్తూనే ఉన్నాడు. "వెయ్యింటికి ఒకటి పెద్దదవుతుందట" అని పిన్ని తమిళంలో విని తెలుగులో చెప్తే, అత్తయ్య చేతులు జోడించి ఏదో గొణిగారు. తర్వాత దగ్గర్లోని మురుగన్ ఇడ్లీ షాపులో పొడి ఊతప్పం తిన్నాం. పిన్ని బిల్లు కట్టనివ్వలేదు.

మా అమ్మాయి అడిగిన అసలు చోటు, అంటే వలల్లో చిక్కి కాళ్ళు తెగిన తాబేళ్ళకు వైద్యం చేసే చోటు చూడలేదు. సుప్రజా ధారిణి 2002లో మొదలుపెట్టిన ట్రీ ఫౌండేషన్ ఈ తీరంలోనే ఆ పని చేస్తోంది. మత్స్యకారుల యువకులే అందులో కాపలాదారులు. ఆంధ్ర తీరంలోనూ వాళ్ళ పని ఉంది. జబ్బు పడ్డ జంతువును చూడటానికి కుటుంబంతో సహా వెళ్దామని నేను పట్టుబట్టలేదు. మనం ఆస్పత్రిలో ఉన్నప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి ఫొటో తీసుకుంటే ఎలా ఉంటుంది అని అడిగితే అమ్మాయి ఒప్పుకుంది. సగం మనసుతోనే.

ఒక్క రోజే ఉందనుకుంటే, పెద్దవాళ్ళతో వెళ్తున్నవాళ్ళు పొద్దున మొసళ్ళ బ్యాంక్, సాయంత్రం హేచరీ పెట్టుకోండి. అక్వేరియం ఎండ మరీ ఎక్కువైన రోజుకు. మార్చి రెండో వారం నుంచి ఏప్రిల్ దాకా పిల్లల్ని వదిలే సాయంత్రాలు ఎక్కువ. రాత్రి నడక కావాలంటే ఫిబ్రవరి. రెండూ కావాలంటే మార్చి మొదట్లోనే వెళ్ళాలి. ఆ రోజు పిల్లలు పైకొచ్చాయా లేదా అన్నది వాలంటీర్లను కనుక్కుని బయల్దేరండి. ఉట్టి ఇసుక చూసి తిరిగొచ్చిన కుటుంబాలు మా వెనకే రెండు నిలబడి ఉన్నాయి, అది వాళ్ళకు రెండో ప్రయత్నమట.