లేత్‌పై చేయించాలా, తయారు భాగం కొనాలా?

విజయవాడ ఆటోనగర్‌కు బండి తెచ్చినవారికి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది: అరిగిన బుష్ (షాఫ్ట్ అనే తిరిగే ఇరుసు చుట్టూ ఉండే గొట్టం లాంటి భాగం) స్థానంలో కొత్తదాన్ని లేత్‌పై (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) చేయించాలా, కంపెనీ భాగమే కొనాలా?

ఖర్చు: లేత్‌కు లోహం ధర, పనివాడి కూలి చాలు. కర్మాగారంలో అచ్చులకు, గేజీలకు (కొలత సరిచూసే పరికరాలు) పెట్టిన పెట్టుబడి వేల భాగాల మీద పంచుకున్నప్పుడే ఒక్కోదాని ధర దిగుతుంది.

శ్రమ: లేత్ భాగాన్ని షాఫ్ట్‌కు సరిపడేదాకా కొలిచి, ఆకురాయితో రుద్ది, మళ్లీ కొలవాలి, కొన్నది నేరుగా కూర్చుంటుంది. ఈ సౌలభ్యం వెనుక ఎన్నో ఏళ్ల కృషి ఉంది. 1785లో ఫ్రాన్స్‌లో తుపాకుల తయారీదారు ఒనోరె బ్లాంక్ చేయించిన తుపాకీ యంత్రాంగపు ముక్కలలో చేతికందినవాటిని తీసుకుని, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ స్వయంగా బిగించి చూశాడు; అవి చక్కగా సరిపోయాయి. భాగాలు ఒకే కొలతకు రావడం వల్లనే 1913లో ఫోర్డ్ హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే కూర్పు వరుస (అసెంబ్లీ లైన్) సాధ్యమై, మోడల్ టీ కారు చాసిస్ (చట్రం) కూర్పుకు పట్టే సమయం సుమారు 12.5 గంటల నుంచి 1914 నాటికి 93 నిమిషాలకు తగ్గింది.

ముప్పు: లేత్ పనిలో లోహం ఎంపిక, గట్టిదనం పనివాడి అనుభవానికే వదిలేయాలి, అందుకే బ్రేకు, స్టీరింగు భాగాలకు దానిని నేను ఒప్పుకోను. కొనేటప్పుడు నకిలీని కనిపెట్టాలి.

తయారీ ఆగిపోయిన ట్రాక్టరుకు, గుంటూరు కారం మిల్లులోని పాత యంత్రానికి లేత్ పనే దారి. రోజూ తిరగవలసిన ఆటోకు, లారీకి తయారు భాగమే మేలు.